పౌలు ఎడమ చెయ్యి

మా ఆయన ఒకప్పుడు రాక్ బ్యాండులో ఆర్గాన్ వాయించేవాడంటే మా స్త్రీల సమాజంలో ఇప్పటికీ సగం మంది నమ్మరు. వాళ్లకు ఏళ్ల తరబడి తెలిసిన పౌలు కాజీపేట లోకో షెడ్డులో ఫిట్టరుగా రిటైరై, ఆదివారం ఆరాధనలో రెండో వరుస చివర కూర్చుని, ప్రసంగం పొడుగైతే గోడ గడియారం వైపు చూసే మనిషి. ఆ మనిషే పాతికేళ్ల వయసులో భుజాల దాకా జుట్టు పెంచి, రైల్వే ఇన్‌స్టిట్యూట్ స్టేజీ మీద వేళ్లతో నొక్కే మెట్లు రెండు వరుసలున్న ఆర్గాన్ ముందు నిలబడి వాయిస్తుంటే, ముందు కుర్చీల్లోని ఆఫీసర్ల భార్యలు పిల్లల చెవులు మూసేవారంటే ఎవరు నమ్ముతారు? నేను నమ్ముతాను. ఆ హాల్లో వెనక వరుసలో నేనూ ఉన్నాను. నాకూ చెవులు మూసుకోవాలనే అనిపించింది.

నేను చెప్పాలనుకున్నది పోయినేడాది ఎండాకాలం సంగతి.

ఆ ఫిబ్రవరిలో ఒక పొద్దున పళ్లు తోముకుంటూ ఆయన బ్రష్ జారవిడిచాడు. ముప్పై మూడేళ్లు రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసినదాన్ని, అది కింద పడ్డ తీరు చూడగానే నాకు అర్థమైపోయింది. పన్నెండు రోజులు దవాఖానలో ఉన్నాం. ఈస్టర్ నాటికి కర్ర పట్టుకుని నడిచాడు. మాట కొంచెం ముద్దగానైనా వచ్చింది. కుడి చెయ్యి మాత్రం ఒడిలో ఎక్కడ పెడితే అక్కడే ఉండిపోయింది.

రోజూ పొద్దున ఏడింటికి వరండాలో ఆ చేతికి నూనె రాసి ఒక్కో వేలూ ముడిచి తెరిచేదాన్ని. బ్యాంకుకు వెళ్తూ మా అమ్మాయి దివ్య, “ఫికర్ చెయ్యకు డాడీ, మూడు నెలల్లో వస్తది,” అనేది. నేనూ తల ఊపేదాన్ని. ఈస్టర్ తర్వాతి బుధవారం ఆయన ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుని ఆపాడు.

“మార్తా, నువ్వు నర్సువు. దివ్య లెక్క చెప్పకు. వస్తదా, రాదా?”

అబద్ధం ఆడటం నాకు రాక కాదు. వార్డులో వందసార్లు ఆడాను. కానీ ఈయన దగ్గర నలభై మూడేళ్లలో ఆ అలవాటు కాలేదు.

“గిలాస పట్టేంత వస్తదేమో. వాయించేంత రాదు,” అన్నాను.

“సరే,” అన్నాడు.

మధ్యాహ్నం అన్నం తిన్నాక, ముందు గదిలో గుడ్డ కప్పి ఉన్న ఆర్గాన్ వైపు చూడకుండానే, “అది నర్సంపేట చర్చికి ఇచ్చెయ్యి. అయ్యగారు ఎన్నేండ్ల సంది అడుగుతాండు,” అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నిజం చెప్పమంటే చెప్పాను, దానికి శిక్ష నాకా? ఆ కోపంలోనే నర్సంపేట పాస్టరు అయ్యగారికి ఫోన్ చేసి, తీసుకుపొమ్మన్నాను. ఆయన ఎంతో సంతోషపడి, పెళ్లిళ్లు అయిపోగానే జూన్ రెండో సోమవారం బండి పంపిస్తానన్నారు. ఫోన్ పెట్టేశాక గాని నేను చేసిన పని నాకు తెలియలేదు. ఆ రోజు నుంచి ఆయన నాతో మందుల గురించి తప్ప ఏమీ మాట్లాడలేదు. వరండాలో గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. ఆర్గాన్ పోతే పోయింది, దాని వెనకే ఈ మనిషి కూడా వెళ్లిపోతాడని నాకు భయం పట్టుకుంది. చేతిలో ఏడు వారాలున్నాయి.

ఆ ఆర్గాన్ సికింద్రాబాద్‌లో ఒక హోటల్ వాళ్లు తీసేసింది. గూడ్సు బండి గార్డు పెట్టెలో కాజీపేట చేరింది. బండి దిగేటప్పటికి సగం మెట్లు మోగలేదు. మా ఆయన షెడ్డు డ్యూటీ దిగి వచ్చి, నెల రోజులు వెనక చెక్క విప్పుకుని కూర్చుని, ఒక్కో తీగా చూసి మొత్తం మోగించాడు. పెద్ద బ్యాండులు ఆర్గాన్‌కు తిరిగే స్పీకరు పెడతాయని ఎక్కడో విన్నాడు. అది కొనే మాట లేదు. స్క్రాపులో పారేసిన ఫ్యాన్ మోటారు తెచ్చి, చెక్కతో గుండ్రటి డబ్బా చేసి, దానికి కిటికీ కోసి, స్పీకరు ముందు తిరిగేలా బిగించాడు. స్విచ్ వేస్తే శబ్దం గది నాలుగు మూలలూ తిరిగి వచ్చేది. మా అత్తగారు మొదటిసారి విని, ఇంట్లో దయ్యం దూరిందని ప్రార్థన మొదలుపెట్టారు.

వాళ్ల బ్యాండు పేరు ‘ది లూప్ లైన్స్’. నలుగురు. పాట విల్సన్, డ్రమ్స్ రాజేశ్వర్ రావు, ఆర్గాన్ పౌలు, బేస్ గిటార్ ఓంప్రకాశ్. ఓంప్రకాశ్‌ది హనుమకొండలో బట్టల దుకాణం. వాళ్ల నాన్నకు కొడుకు గిటారు పట్టాడని తెలిస్తే ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు. అందుకని ఆ గిటారు పదేళ్లు మా అత్తగారి మంచం కింద ఉండేది. ఇప్పుడు ఓంప్రకాశే డెబ్బై ఏళ్ల సేటు. రెండు చెవులకూ మిషన్లు.

విల్సన్, రాజేశ్వర్ రావు ఇద్దరూ పోయారు. మిగిలిన ఒక్క ఓంప్రకాశ్ మే మొదటి ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికొచ్చి, మా ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“అన్నా, జూన్ ఏడు శనివారం సాయంత్రం ఇన్‌స్టిట్యూట్‌ల పాత ఉద్యోగులందరు కలుస్తాండ్లు. లూప్ లైన్స్ రెండు పాటలు కొట్టాలె అంటాండ్లు.”

“లూప్ లైన్స్‌ల ఎవలున్నరింక? నీకు చెవులు లెవ్వు, నాకు చెయ్యి లేదు.”

“చెవులకు మిషన్ పెట్టుకున్న గద.”

“చెయ్యికి మిషన్ లేదు. పో.”

ఓంప్రకాశ్ పోలేదు. వంటింట్లోకి వచ్చి, మంచినీళ్లు అడిగి, నెమ్మదిగా, “వదినా, అన్న గిట్లనే కూసుంటే మంచిగుండదు,” అన్నాడు. ఆ సంగతి నాకు చెప్పడానికి హనుమకొండ నుంచి రావాలా అనబోయాను. ఆయన కళ్లు చూసి ఊరుకున్నాను. జూన్ రెండో సోమవారం ఆర్గాన్ వెళ్లిపోతోందని మాత్రం చెప్పాను.

తర్వాతి ఆదివారం గిటారుతో, చిన్న స్పీకరుతో దిగాడు. వరండాలో మా ఆయన పక్కనే కూర్చుని పాత పాటల బేస్ లైన్లు వాయించడం మొదలుపెట్టాడు. మా ఆయన గోడ వైపు నుంచి తిరగలేదు. ఓ పావుగంటకు ఓంప్రకాశ్ ఒక చోట తప్పు వాయించాడు. ముసలాయన వేళ్లు, తప్పుతాయిలే అనుకున్నాను. మళ్లీ అదే చోట, అదే తప్పు. మూడోసారి కూడా.

“సీ షార్ప్,” అన్నాడు మా ఆయన గోడతో.

“ఏందన్నా? వినస్తలేదు,” అన్నాడు ఓంప్రకాశ్, చెవి మిషన్ మీద వేలు పెట్టి.

“సీ షార్ప్ రా అది. సీ కాదు.”

“ఏడ? నాకు సమజైతలేదు. జర చూపెట్టు.”

మా ఆయన కర్ర అందుకుని లేచాడు. గది లోపలికి నడిచి, ఆర్గాన్ మీది గుడ్డ ఎడమ చేత్తో లాగి పారేశాడు. కింది వరుస మీద ఆ లైను వాయించాడు, ఒక్కసారే. ఫిబ్రవరి తర్వాత ఆ ఇంట్లో అది మోగడం అదే మొదలు. ఓంప్రకాశ్ వరండాలోంచి నా వైపు చూసి, చటుక్కున తల దించుకున్నాడు. తప్పు వింటే పౌలు ఊరుకోలేడని పాత స్నేహితుడికి గుర్తుంది, పెళ్లానికి గుర్తు రాలేదు. నాకు సిగ్గేసింది.

ఆ తరం వాళ్ల చెవులు అలాంటివి. వాళ్లకు కాగితం మీద రాసుకున్న సంగీతం లేదు, నేర్పే మాస్టరు లేడు. విల్సన్ దగ్గర ఒక టేపు రికార్డరు ఉండేది. నలుగురూ దాని చుట్టూ నేల మీద కూర్చుని, ఎవరి వాయిద్యం వాళ్లు వినేవారు. గిటారూ డ్రమ్సూ గోల చేస్తుంటే, వాటి కింద ఆర్గాన్ ఏం చేస్తోందో మా ఆయన ఒక్కడికే వినబడేది. ఒకసారి బ్యాటరీలు తగ్గి టేపు నెమ్మదిగా తిరిగింది. పాట సగం మెట్టు కిందికి దిగిపోయింది. వీళ్లకు తెలియదు. ఆ పాటను రెండేళ్లు ఆ తప్పు శృతిలోనే వాయించారు. అసలు రికార్డు విన్న ఎవరో ఆంగ్లో ఇండియన్ డ్రైవరు నవ్వితే, మా ఆయన ఆ సాయంత్రమే సగం మెట్టు పైకి ఎత్తి వాయించి చూపించాడు. ఓంప్రకాశ్‌కు మాత్రం వారం పట్టింది.

విల్సన్‌ది ఇంకో పేచీ. డ్యూటీలో దుమ్ము మింగి గొంతు పోయిన రోజున స్టేజీ మీదే చెయ్యి వెనక్కి పెట్టి వేళ్లు కిందికి చూపించేవాడు. ఒక వేలైతే సగం మెట్టు, రెండైతే ఒక మెట్టు దించాలి. పాట మొదలవడానికి ఎంత టైమ్ ఉంటే అంతలోనే. అప్పట్లో నాకు అదంతా గోలలాగే వినబడింది. అందులో ఎంత పనుందో తెలియలేదు.

సరే, ఎడమ చెయ్యి కదిలింది. మరి కుడి చేతి సంగతో?

“కుడి చెయ్యి పని ఎవలన్న చెయ్యాలె,” అని మే నాలుగో ఆదివారం ఓంప్రకాశ్ మా చర్చిలో కీబోర్డు వాయించే రాజేష్‌ను పిలుచుకొచ్చాడు. రాజేష్‌కు నలభై దాటాయి, మంచివాడు, వారమంతా పెళ్లిళ్లకు వాయిస్తాడు. తన కీబోర్డు తెచ్చి ఆర్గాన్ పక్కన పెట్టుకున్నాడు. మొదటి పాట బాగానే సాగింది. రెండోది మొదలుపెట్టేముందు మా ఆయన, “దీన్ని ఒకటిన్నర మెట్టు పైకి ఎత్తుదాం,” అన్నాడు. రాజేష్ శృతి మార్చే బటన్ మూడుసార్లు నొక్కి, తన వేళ్లు ఎప్పుడూ ఉండేచోటే పెట్టి వాయించాడు. అదీ బాగుంది. మళ్లీ మొదటి పాటకు వచ్చేసరికి బటన్ వెనక్కి తిప్పడం మరిచిపోయాడు. కింద ఎడమ చెయ్యీ బేస్ గిటారూ ఒక ఊళ్లో ఉన్నాయి, పైన కీబోర్డు ఇంకో ఊళ్లో. చప్పుడు విని వీధిలో కుక్క మొరిగింది.

మా ఆయన నవ్వాడు. మూతి ఒక పక్కకు వంకరపోయిన నవ్వు, మూడు నెలల తర్వాత మొదటి నవ్వు.

“బటన్ మరిచినవ్ బిడ్డా.”

రాజేష్ బటన్ వైపు చూసుకుని, కీబోర్డు ఆపేశాడు. “అంకుల్, నిజం చెప్తాన. నాకు సీ స్కేల్ తప్ప ఏదీ రాదు. అన్నీ బటనే చూసుకుంటది. మీ పక్కకు కూసునేంత నాకు లేదు,” అన్నాడు. వెళ్తూ వెళ్తూ ఆయన ఎడమ చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

రాజేష్ వెళ్లాక ఇల్లు మళ్లీ చల్లబడింది. ఓంప్రకాశ్ కూడా ఆ రోజు త్వరగా లేచాడు. ఇన్‌స్టిట్యూట్ సాయంత్రానికి రెండు వారాలు మిగిలాయి, బండి రావడానికి ఆపైన ఇంకో రెండు రోజులు.

మంగళవారం మధ్యాహ్నం మూడు దాటింది. నేను వంటింట్లో చింతపండు గింజలు తీస్తున్నాను. ముందు గదిలో ఆర్గాన్ మోగింది. విల్సన్ పాడే నెమ్మది పాట అది, లోకో షెడ్డు గురించి వాళ్లు నలుగురూ సొంతంగా కట్టుకున్నది. ఎడమ చెయ్యి కింద నడుస్తోంది. కుడి చెయ్యి రావలసిన చోట కూడా ఆయన ఆగలేదు. కింద నడుస్తూనే ఉంది, పైన ఖాళీ. ఆ ఖాళీలో ఏముండాలో నాకు తెలుసు. నలభై మూడేళ్లు గోడ ఇవతల నుంచి విన్నాను. విసుక్కుంటూ విన్నాను, చప్పుడు తగ్గించమని అరుస్తూ విన్నాను, ఏదైతేనేం విన్నాను.

చేతులు కొంగుకు తుడుచుకుని వెళ్లాను. పక్షవాతం వచ్చిన మనిషి దగ్గరికి బాగున్న వైపు నుంచే వెళ్లాలని వార్డులో కొత్త నర్సులకు నేనే నేర్పేదాన్ని. ఆ రోజు అది మరిచి కుడి వైపు నుంచి వెళ్లాను. ఆయన నన్ను చూడలేదు. నిలబడే పై వరుస మీద కుడి చెయ్యి పెట్టాను.

నేను చర్చిలో యాభై ఏళ్లుగా హార్మోనియం వాయిస్తున్నాను. హార్మోనియం వాయించేవాళ్లకు ఉండేది కుడి చెయ్యి ఒక్కటే. ఎడమ చెయ్యి వెనక గాలి కొట్టడానికే సరిపోతుంది.

వాయించాను. పాటలో రెండు వరుసలు గడిచాయి. చివర నా అలవాటు కొద్దీ ఒక స్వరాన్ని సాగదీశాను. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఇద్దరం కలిసి వాయించబోతే, ఇలాంటి చోటే ఆయన, “నీది పాట గాదు, ఎడ్లబండి,” అన్నాడు. నేను లేచి వెళ్లిపోయాను. మళ్లీ ఎన్నడూ ఆయన పక్కన వాయించలేదు. చర్చిలో జనం ఊపిరి తీసుకునేదాకా పాట ఆగాలి, బ్యాండులో తాళం లెక్క ఎవరి కోసమూ ఆగదు. ఎవరు నేర్చింది వాళ్లది. ఆ మధ్యాహ్నం నేను స్వరం సాగదీసినంతసేపూ ఆయన ఎడమ చెయ్యి కింది మెట్టు మీదే ఉండిపోయింది. నేను వదిలాక కదిలింది.

పాట అయ్యాక ఆయన నా వైపు చూడకుండానే, “కుర్చీ తెచ్చుకో,” అన్నాడు.

ఆ రెండు వారాలు నా చేత చాకిరీ చేయించాడు. నాకు అరవై ఏడేళ్లని, మోకాళ్లు నొప్పులని జాలి లేదు. పొద్దున చేతికి నూనె రాయడం అయ్యీ కాకముందే కర్ర పట్టుకుని లేచేవాడు. వాల్యూము పెడల్ కుడి కాలి కింద ఉండేది. ఓంప్రకాశ్ దాన్ని విప్పి ఎడమ పక్కకు మార్చాడు. తిరిగే స్పీకరు డబ్బాకు దివ్య కుట్టు మిషను నూనె పోసింది. మోటారు ఒక మూలుగు మూలిగి తిరిగింది.

“మెట్ల దిక్కు చూడకు. విను,” అనేవాడు.

“చూడకుంటే తప్పైతది గద.”

“చూసినా తప్పైతది. విను.”

ప్రతి పాటనూ మూడు శృతుల్లో వాయించమనేవాడు. ఎందుకని అడిగాను.

“విల్సన్ ఏ మెట్టు మీద లేస్తడో ఎవలికెర్క?”

“విల్సన్ పోయిండు గదయ్యా.”

“పోతే పోయిండు. మనం తయారుగ ఉండాలె.”

ఒకరోజు నాకు ఓపిక పోయి, “బటన్ ఉంటే ఈ పరేశాన్ ఉండకపోవు,” అన్నాను. ఆయన కోప్పడలేదు. “బటన్ మంచిదే మార్తా. కాని పక్కోడు ఎటు పోతాండో బటన్‌కు వినపడదు,” అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. ఫిబ్రవరి తర్వాత ఆయన మాట్లాడిన అతి పొడుగు మాట అదే.

జూన్ ఏడు సాయంత్రం ఆరింటికి ఇన్‌స్టిట్యూట్ హాల్లో రెండు వందల మంది దాకా ఉన్నారు. ఎక్కువగా తెల్ల జుట్టు, కర్రలు, కళ్ల ఆపరేషన్ అద్దాలు. ఇద్దరు మనుషులు పట్టి ఆర్గాన్‌ను స్టేజీ మీద పెట్టారు. మా ఆయనను నేనూ దివ్యా చెరో పక్క పట్టి ఎక్కించాం. ఒకే బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం, నేను కుడి పక్కన. ఓంప్రకాశ్ గిటారు మెడలో వేసుకుని, చెవి మిషన్లు సరిచేసుకున్నాడు. కింద ఎవరో, “మార్తమ్మ సిస్టరా అది, మనకు సూదులేసిన సిస్టరా?” అనడం వినబడింది.

పాట లేకుండా వాయిద్యాలే రెండు వాయించాం. ఆయన తిరిగే స్పీకరు స్విచ్ వేయగానే హాల్లో ముసలివాళ్లు ఒక్కసారి కుర్చీల్లో ముందుకు జరిగారు. కొందరు కాళ్లు ఊపారు. రెండోది అయ్యాక దిగిపోవాలి. మా ఆయన కర్ర కోసం చెయ్యి చాపాడు.

అప్పుడు మూడో వరుసలో ప్రేమలత లేచింది. విల్సన్ భార్య. టీచరుగా రిటైరై హసన్‌పర్తిలో ఉంటుంది. ఆమె వస్తుందని మాకెవరూ చెప్పలేదు. మైకు లేదు, ఏమీ లేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడి, కళ్లు మూసుకుని, విల్సన్ పాడే ఆ షెడ్డు పాట ఎత్తుకుంది. మేము సాధన చేసిన మూడు శృతులకూ ఆమె గొంతుకూ ఏ సంబంధమూ లేదు. నా చెయ్యి గాలిలో ఉండిపోయింది.

ఆయన ఎడమ చెయ్యి ఒక మెట్టు నొక్కింది. కాదు. పక్క మెట్టుకు జరిగింది. రెండో మెట్టుకే ఆమె దొరికింది. ఆమె మొదటి వరుస పూర్తి కాకముందే కింద ఆర్గాన్ ఆమె పాదాల కింద నేలలా వచ్చి చేరింది. ఓంప్రకాశ్ ఆయన చిటికెన వేలు చూసి అందుకున్నాడు.

“ఎఫ్ షార్ప్,” అన్నాడు మా ఆయన నా చెవిలో. “నల్ల మెట్ల మీద నడువు. నన్ను విను.”

విన్నాను. నడిచాను.

ప్రేమలత మూడు చరణాలూ పాడింది. నడుమ ఒకచోట ఆగిపోయింది. ఆ ఖాళీని ఆయన ఎడమ చెయ్యి అటూ ఇటూ తిరుగుతూ నింపింది, ఆమె మళ్లీ అందుకునేదాకా. కింద కూర్చున్నవాళ్లకు అది కూడా పాటలో భాగమే అనిపించి ఉంటుంది. నాకు మాత్రం అప్పుడు ఒళ్లంతా గర్వం వచ్చింది, సిగ్గుపడకుండా చెబుతున్నాను. ఇంత పెద్ద వాయిద్యగాడితో నలభై మూడేళ్లు కాపురం చేసి, చప్పుడు తగ్గించమని చెప్పిన మనిషిని నేను. పాట అయ్యాక అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన తల వంచి తన ఎడమ చేతిని చూసుకున్నాడు, తర్వాత నా కుడి చేతిని.

మర్నాడు ఆదివారం. చర్చి నుంచి వచ్చాక, నేను అన్నం వడ్డిస్తుంటే ఎడమ చేతి బొటనవేలితో కష్టపడి ఫోన్ నొక్కాడు. ఫిబ్రవరి తర్వాత ఆయన సొంతంగా చేసిన మొదటి ఫోన్.

“అయ్యగారూ, వందనాలు. రేపు బండి పంపకుండ్రి. ఆర్గాన్ ఖాళీగ లేదు.”

అవతల ఏదో అడిగారు.

“ఎవలు వాయిస్తాండ్లంటే, మేమే.”

ఫోన్ పెట్టి, పప్పులో ఉప్పు తక్కువైందన్నాడు. నేను వంటింట్లోకి వెళ్లి, ఉప్పు డబ్బా పట్టుకుని, కాసేపు ఏడ్చి వచ్చాను.

ఆ తర్వాత ఏడు నెలలు మాకు మంచి రోజులు. ప్రతి ఆదివారం చర్చిలో రాజేష్ కీబోర్డు ముందు ఒకే బల్ల మీద కూర్చుని వాయించాం. ముసలమ్మలు ఏ శృతిలో ఎత్తుకున్నా ఆయన రెండో మెట్టుకు పట్టుకునేవాడు. రాజేష్ గురువారాలు ఇంటికొచ్చి బటన్ ముట్టకుండా నేర్చుకున్నాడు. జీ వచ్చింది, ఎఫ్ వచ్చింది. జనవరిలో ఒక పొద్దున టీ తాగుతూ కప్పు నా చేతికిచ్చి, కుర్చీలో వెనక్కి వాలి, మా ఆయన పోయాడు.

ఇప్పుడన్నా ఆర్గాన్ నర్సంపేటకు ఇచ్చెయ్యమని చాలామంది అన్నారు. నలభై రోజులు దాని దగ్గరికి పోలేదు. ఒకరోజు కూర్చుని కుడి చెయ్యి పెడితే, కింద ఏమీ లేదు. పాట గాలిలో వేలాడింది. అందుకని ఎడమ చెయ్యి నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఇన్‌స్టిట్యూట్ సాయంత్రం దివ్య తన ఫోనులో రికార్డు చేసింది. ఆయన వాయించింది అందులోంచి విని, ఒక్కో వరుసా పట్టుకుంటున్నాను. ఆదివారాలు ఓంప్రకాశ్ గిటారు తెచ్చుకుని వస్తాడు.

“వదినా, ఎడమ చెయ్యి వెనకబడ్తాంది,” అంటాడు.

“యాభై ఏండ్లు గాలి కొట్టిందయ్యా అది. ఇప్పుడిప్పుడే బడికి పోతాంది,” అంటాను.

ఆ సాయంత్రం ఎఫ్ షార్ప్‌లో ఒక్క తప్పు లేకుండా వాయించానని నేను స్త్రీల సమాజమంతా చెప్పుకుని తిరిగాను. చెయ్యి లేని మనిషికి నేనే చెయ్యి ఇచ్చాననుకున్నాను. పోయిన వారం రెండో చరణం నేర్చుకుంటుంటే, ఫోనులో కింది వరుస ఒకచోట పాట దారి వదిలి ఎటో పోయింది. ఆయన తప్పాడా అని వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. తప్పింది నేను. పైన తప్పు మెట్లు పట్టుకున్నాను. నా వేలు పడీ పడకముందే ఆయన ఎడమ చెయ్యి కింది స్వరం మార్చేసింది, నా తప్పు కూడా పాటే అయ్యేలా. వెతికితే మూడో చరణంలో ఇంకో రెండు చోట్ల అలాగే ఉంది. ఒకచోట నేను ఒక లెక్క ఎగరగొట్టాను, ఆయన కూడా నాతో పాటు ఎగిరాడు.

ఓంప్రకాశ్‌కు వినిపించాను. మిషన్ చెవికి దగ్గరగా ఫోన్ పెట్టుకుని విన్నాడు.

“నీకు ఇది ముందే తెలుసా?” అని అడిగాను.

“స్టేజీ మీదనే తెలుసు వదినా. నేను గూడ నీ యెనకనే ఎగిరిన గద,” అన్నాడు.

ఆ మూడు చోట్లా ఆయన వాయించినట్టే నేర్చుకుంటున్నాను. తప్పు లేని చోట ఆ స్వరాలు అతకవని ఓంప్రకాశ్ అంటాడు. అతకకపోతే పోనీ. కుడి చేత్తో నా తప్పు నేను వాయిస్తాను, ఎడమ చేత్తో ఆయన దాన్ని సరిచేస్తాడు.